గ్రాఫ్ చూసి అనంతం దగ్గర అవధి చెప్పడం ఎలా

ఇంటర్ మొదటి సంవత్సరంలో అవధుల (లిమిట్స్) పాఠం మొదలవగానే పిల్లలు పట్టుకునే చిట్కా ఒకటుంది: లవాన్నీ హారాన్నీ ఎక్స్ పెద్ద ఘాతంతో భాగించు, 1/ఎక్స్ కనిపించిన చోటల్లా సున్నా వేసెయ్. చిట్కా మంచిదే, మార్కులూ వస్తాయి. కానీ సూత్రం ఇవ్వకుండా ఒక వంపు గీసి, "ఎక్స్ అనంతానికి పోతే ఈ ప్రమేయం ఏమవుతుంది?" అని అడిగితే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. భాగించడానికి అక్కడ ఏమీ లేదు మరి.

నిజానికి గ్రాఫ్ చేతిలో ఉంటే పని ఇంకా తేలిక. ఏ భాగం చూడాలో, ఏ భాగం అసలు పట్టించుకోకూడదో తెలిస్తే సగం అయిపోయినట్టే. మిగతా సగం, గ్రాఫ్ ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవడం. మన ముందున్నది ఎప్పుడూ గ్రాఫ్‌లో ఒక ముక్కే. అనంతం ఏ కాగితం మీదా పట్టదు.

గ్రాఫ్ కాగితం, స్కేలు, పెన్సిల్, ఒక తెల్ల కాగితం ముక్క దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో గ్రాఫ్‌లు గీసే యాప్, డెస్మోస్ గానీ జియోజెబ్రా గానీ, ఉంటే ఇంకా మంచిది. ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రమేయం మీదే చేద్దాం:

ఎఫ్(ఎక్స్) = (2ఎక్స్² + ఎక్స్) / (ఎక్స్² + 1)

చేత్తో గీయాలంటే ఈ విలువలు సరిపోతాయి: ఎక్స్ −10 అయితే 1.88, −3 అయితే 1.5, −1 అయితే 0.5, 0 అయితే 0, 1 అయితే 1.5, 2 అయితే సరిగ్గా 2, 3 అయితే 2.1, 4 అయితే 2.12, 7 అయితే మళ్లీ 2.1, 10 అయితే 2.08. వై-అక్షం మీద కాస్త పెద్ద స్కేలు తీసుకోండి, 1 యూనిట్‌కు 5 సెంటీమీటర్లు ఇస్తే 2 చుట్టూ జరిగేది స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు కొసలు ఉన్నాయో లేదో చూడండి

వంపు కుడి చివర, ఎడమ చివర ఎలా ఆగిందో గమనించండి. బాణం గుర్తు ఉంటే అదే తీరులో ఇంకా సాగుతుందని అర్థం. బాణం వేయకపోయినా గీత గళ్ల అంచుదాకా వెళ్లి ఆగితే సాగుతుందనే తీసుకుంటాం. నిండు చుక్కతోనో ఖాళీ వృత్తంతోనో ఆగిపోయి, ఆ తర్వాత ఇంకేమీ లేకపోతే మాత్రం ప్రమేయం అక్కడితో అయిపోయినట్టు. √(9 − ఎక్స్²) గ్రాఫ్ ఒక అర్ధవృత్తం, −3 నుంచి 3 దాకానే ఉంటుంది. దానికి అనంతం దగ్గర అవధి ఎంత అన్న ప్రశ్నే పుట్టదు. √ఎక్స్‌కు కుడి కొస ఒక్కటే ఉంది కాబట్టి రుణ అనంతం గురించి అడగడానికి లేదు. క్షణంలో అయిపోయే పరిశీలనే, కానీ ముందే చేయాలి.

మధ్య భాగం మూసేయండి

తెల్ల కాగితం ముక్కను గ్రాఫ్ మీద పెట్టి, కుడివైపు చివరి రెండు మూడు గళ్లు మాత్రమే కనిపించేలా కప్పండి. పిల్లచేష్టలా అనిపిస్తుంది గానీ, నా లెక్కన ఈ పాఠంలో అన్నిటికంటే పనికొచ్చే అలవాటు ఇదే. కంటిని లాగేవన్నీ గ్రాఫ్ మధ్యలోనే ఉంటాయి: శిఖరాలు, లోయలు, అక్షాలను దాటే చోట్లు, గీత తెగిన చోట్లు. వాటిలో ఏదీ అనంతం దగ్గర అవధిని మార్చలేదు. ఎక్స్ 0 నుంచి 50 దాకా వంపును రబ్బరుతో చెరిపేసి మీకు తోచినట్టు మళ్లీ గీయండి, ఆన్సర్ అదే ఉంటుంది.

మధ్య భాగం తెచ్చే గందరగోళాల్లో పెద్దది నిలువు అనంత స్పర్శరేఖ, అంటే వంపు దగ్గరవుతూ పైకో కిందికో హద్దు లేకుండా పోయే నిలువు గీత. (2ఎక్స్ + 1)/(ఎక్స్ − 3) గ్రాఫ్‌లో ఎక్స్ = 3కి కాస్త కుడిపక్కన వంపు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అది చూసి "అనంతానికే పోతోంది కదా" అని ∞ రాసేస్తారు. అక్కడ అనంతానికి పోతున్నది వై. ఎక్స్ ఇంకా 3 దగ్గరే ఉంది. మనల్ని అడిగింది ఎక్స్ అనంతానికి పోతుంటే వై సంగతేమిటని. 3 ఉన్న చోటును కాగితంతో కప్పేస్తే ఈ పొరపాటుకు తావే ఉండదు. మిగిలిన కుడి కొస మెల్లగా 2 ఎత్తుకు దిగుతూ కనిపిస్తుంది.

కుడివైపు పోతూ ఎత్తు మాత్రమే చదవండి

ఇప్పుడు పెన్సిల్ మొనను వంపు మీద పెట్టి కుడివైపు జరపండి. మొనకు వై-అక్షం మీద నీడ పడుతోందని ఊహించుకుని, వంపును వదిలేసి ఆ నీడనే గమనించండి. నీడ చేసే పనులు నాలుగే:

ఒక సంఖ్య దగ్గరకు చేరుకుంటూ అక్కడే ఉండిపోతే ఆ సంఖ్యే అవధి.
ఏ హద్దూ లేకుండా పైకి పోతూనే ఉంటే ∞.
అలాగే కిందికి పోతూనే ఉంటే −∞.
పైకీ కిందికీ ఊగుతూ ఎక్కడా కుదురుకోకపోతే అవధి లేదు.

మన ఎఫ్ విషయంలో నీడ 2.12 దాకా ఎక్కి, ఎక్స్ 4 దాటిన కాసేపటికే వెనక్కి తిరిగి దిగడం మొదలుపెడుతుంది. 10 దగ్గర 2.08, 100 దగ్గర 2.0098. 2 అని అనుమానం వస్తుంది. ఇప్పటికి ఇది అనుమానమే, దాన్ని ఖాయం చేసుకోవాలి.

పట్టీ గీసి పరీక్షించండి

అనుమానం వచ్చిన ఎత్తులో అడ్డంగా ఒక చుక్కల గీత గీయండి. మనకది వై = 2. దానికి 0.1 పైన ఒక గీత, 0.1 కింద ఒక గీత గీయండి. 1.9 నుంచి 2.1 దాకా ఒక పట్టీ ఏర్పడుతుంది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఏదో ఒక చోటు దాటాక వంపు ఈ పట్టీలోనే ఉండిపోతోందా?

"పట్టీలోకి వచ్చిందా" అని అడిగితే చాలదు. మన వంపునే చూడండి. ఎక్స్ 1.63 దగ్గర కింది గీత దాటి పట్టీలోకి వస్తుంది. 2 దగ్గర చుక్కల గీతను కోసుకుని పైకి పోతుంది. 3 దగ్గర పై గీత దాటి పట్టీ బయటికే వెళ్లిపోతుంది. 7 దగ్గర తిరిగి లోపలికి వస్తుంది. ఆ తర్వాత ఇక బయటికి రాదు. కాబట్టి 0.1 పట్టీకి "7 దాటాక" అన్నది సరైన జవాబు.

ఒక్క పట్టీతో సరిపెట్టుకోకూడదు. 2.05 అవధి అని ఎవరైనా వాదిస్తే 0.1 పట్టీ వాళ్లకూ పనిచేస్తుంది, ఎందుకంటే 1.95 నుంచి 2.15 మధ్య కూడా వంపు చాలాసేపు హాయిగా ఇముడుతుంది, అసలు బయటికే రాదు. పట్టీని సన్నం చేస్తేనే వాళ్ల సంగతి తేలుతుంది. 2 చుట్టూ 0.01 పట్టీ గీస్తే, ఎక్స్ సుమారు 98 దాటాక వంపు అందులోనే ఉండిపోతుంది. 2.05 చుట్టూ 0.01 పట్టీ గీస్తే, అంటే 2.04 నుంచి 2.06 దాకా, వంపు కాసేపు అందులో ఉండి కింది నుంచి జారిపోతుంది, మళ్లీ రాదు. ఎంత సన్నటి పట్టీ ఇచ్చినా ఒక చోటు దాటాక అందులోనే ఉండిపోయే ఎత్తు ఒక్కటే ఉంటుంది, అదే అవధి. పట్టీ ఎంత సన్నబడితే ఆ చోటు అంత దూరం జరుగుతుంది, 7 కాస్తా 98 అయినట్టు. డిగ్రీలో ఎప్సిలాన్ పేరుతో భయపెట్టే నిర్వచనం ఇదే. ఎప్సిలాన్ అంటే పట్టీ వెడల్పులో సగం, అంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడే ఒక అపోహ కూడా పోవాలి. అనంత స్పర్శరేఖను, అంటే మన చుక్కల గీతలా వంపు కొస దగ్గరవుతూ పోయే రేఖను, వంపు ఎప్పుడూ తాకదని, దాటదని చాలామంది నమ్ముతారు. మన ఎఫ్ ఎక్స్ = 2 దగ్గర దాన్ని దాటింది. (సైన్ ఎక్స్)/ఎక్స్ అయితే వై = 0 గీతను లెక్కలేనన్ని సార్లు దాటుతూనే సున్నాకు చేరుకుంటుంది. "తాకింది కాబట్టి అవధి కాదు" అని రాస్తే తప్పు. నిలువు అనంత స్పర్శరేఖల గురించి విన్న మాటను అడ్డం వాటికి అంటించేయడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

ఎడమ కొస వేరే పని

కుడివైపు ఆన్సర్ వచ్చింది కదా అని ఎడమవైపు అదే రాయకండి. కాగితం ముక్కను జరిపి ఎడమ కొస మాత్రమే కనిపించేలా పెట్టి మళ్లీ మొదటి నుంచి చేయండి. ఇక్కడ పెన్సిల్ కుడి నుంచి ఎడమకు కదలాలి. మనం చదవడం ఎడమ నుంచి కుడికి కాబట్టి కన్ను అలవాటుగా అటే పోతుంది, అక్కడే దెబ్బ పడుతుంది. ఎక్స్² గ్రాఫ్ ఎడమ సగం చూసి "దిగుతోంది" అని −∞ రాసినవాళ్లు తక్కువేమీ కాదు. ఎక్స్ రుణ అనంతానికి పోతుంటే మనం ఎడమకు నడుస్తున్నాం, ఆ దారిలో వంపు ఎక్కుతోంది. ఆన్సర్ ∞.

మన ఎఫ్ ఎడమవైపు −10 దగ్గర 1.88, −100 దగ్గర 1.99 వరకు వచ్చింది. అంటే అటు కూడా 2కే వెళ్తోంది, కాకపోతే ఈసారి చుక్కల గీత కిందినుంచి. పట్టీ పరీక్ష పెడితే −11.63కు ఎడమపక్కన అంతా 0.1 పట్టీలోనే ఉంటుంది. పైనుంచి వచ్చిందా కిందినుంచి వచ్చిందా అన్నదాంతో అవధి మారదు, కానీ గ్రాఫ్ గీయమన్నప్పుడు ఆ వివరం కావాలి.

లవం, హారం రెండూ బహుపదులైతే, ఒక కొస ఏదైనా సంఖ్యకు చేరితే రెండో కొస కూడా అదే సంఖ్యకు చేరుతుంది. మిగతా ప్రమేయాలకు ఆ భరోసా లేదు. 2^ఎక్స్ కుడివైపు ∞, ఎడమవైపు 0. టాన్ విలోమం కుడివైపు పై/2, అంటే సుమారు 1.57; ఎడమవైపు −1.57. ఎక్స్/√(ఎక్స్² + 1) కుడివైపు 1, ఎడమవైపు −1. ఈ చివరిదాన్ని సూత్రంతో చేసేవాళ్లు √(ఎక్స్²) అంటే ఎక్స్ అనేసుకుని రెండువైపులా 1 రాస్తారు. ఎక్స్ రుణాత్మకమైతే √(ఎక్స్²) విలువ −ఎక్స్ అవుతుంది. గ్రాఫ్ ఒక్కసారి చూసినా ఎడమ కొస ఎక్స్-అక్షం కింద ఉందని తెలిసిపోయేది. సూత్రంతో చేసినా సరే, చివర్లో గ్రాఫ్‌తో సరిచూసుకోమని చెప్పేది ఇందుకే.

గ్రాఫ్ ఎక్కడ మోసం చేస్తుంది

పరీక్షలో ముద్రించిన గ్రాఫ్ సాధారణంగా నిజాయితీగానే ఉంటుంది, ప్రశ్న ఇచ్చినవాళ్లు కొసలు కనిపించేలా గీస్తారు. ఫోన్‌లో మీరే గీసినప్పుడు ఆ హామీ లేదు. డెస్మోస్ తెరవగానే చూపించేది ఎక్స్ సుమారు −10 నుంచి 10 దాకా. ప్రమేయం కథ అంతా ఆ ముక్కలోనే జరగాలని ఎక్కడా లేదు.

ఎక్స్²/(ఎక్స్² + 10000) గీసి చూడండి. స్క్రీన్ మీద ఎక్స్-అక్షానికి అతుక్కుపోయిన గీత ఒకటి కనిపిస్తుంది. అవధి 0 అని ఎవరైనా అంటారు. ఎక్స్ = 10 దగ్గర విలువ 0.0099 మాత్రమే కాబట్టి అలా అనడంలో వింత లేదు. జూమ్ అవుట్ చేసి, వై మాత్రం 0 నుంచి 1 చుట్టూ ఉండేలా సెట్ చేయండి. 100 దగ్గర 0.5, 1000 దగ్గర 0.99. అవధి 1. ఈ రకం మోసానికి విరుగుడు: ఎక్స్-అక్షాన్ని పదిరెట్లు, వందరెట్లు, వెయ్యిరెట్లు చాచి చూడటం. రెండు అక్షాలనూ కలిపి జూమ్ అవుట్ చేస్తే మాత్రం లాభం లేదు, వై దిశలో కూడా అన్నీ చదునైపోయి ఇలాంటి వంపు ఎక్స్-అక్షం మీద పడుకున్నట్టే కనిపిస్తుంది. సెట్టింగుల్లో ఎక్స్ హద్దులు ఒక్కటే మార్చండి.

ఇంకో మోసగాడు లాగరిథమ్. 10 ఆధారంగా తీసుకున్న లాగ్ ఎక్స్ గ్రాఫ్ చూస్తే కుడివైపు దాదాపు పడుకుని ఉంటుంది. పక్కనే టాన్ విలోమం గీయండి, అదీ పడుకునే ఉంటుంది. కంటితో చూస్తే అన్నదమ్ముల్లా ఉన్న ఈ రెంటిలో ఒకటి కుదురుకుంటుంది, ఒకటి ఎన్నటికీ కుదురుకోదు. తేడా పట్టాలంటే ఎక్స్‌ను పదేసి రెట్లు పెంచుతూ ఎత్తులో ఎంత మార్పు వచ్చిందో రాసుకోండి. లాగ్ విలువలు 10, 100, 1000 దగ్గర వరుసగా 1, 2, 3. ప్రతిసారీ పెరుగుదల అంతే, 1. ఏ పై గీత గీసినా ఎప్పటికో అప్పటికి దాటేస్తుంది, కాబట్టి ఆన్సర్ ∞. టాన్ విలోమం విలువలు 1.4711, 1.5608, 1.5698. పెరుగుదల మొదట 0.09, తర్వాత 0.009. పదోవంతుకు పడిపోతోంది. ఇక ఎక్కడానికి చోటు లేదు.

ఈ పరీక్షను సాక్ష్యంగా తీసుకోండి, రుజువుగా కాదు. లాగ్‌కు మళ్లీ లాగ్ తీసుకుంటే పదిరెట్ల అడుగుల్లో పెరుగుదల తగ్గుతూ వస్తుంది: 10 దగ్గర 0, 100 దగ్గర 0.30, 1000 దగ్గర 0.48, 10000 దగ్గర 0.60. అయినా చివరికి అదీ ∞కే పోతుంది. గ్రాఫ్ అనుమానాన్ని ఇస్తుంది. సూత్రం దగ్గర ఉంటే రుజువు అక్కడినుంచే రావాలి.

దీనికి తలకిందులుగా, నిజంగా చేరని గీతను చేరినట్టు కూడా గ్రాఫ్ చూపిస్తుంది. ఫిజిక్స్‌లో కెపాసిటర్ ఛార్జింగ్ వంపు తెలిసిందే. చివరి వోల్టేజిని 10 సెంటీమీటర్ల ఎత్తులో గీస్తే, ఐదు కాల స్థిరాంకాలు (ఒక్కోటి, మిగిలిన ఎడం సుమారు 37 శాతానికి తగ్గడానికి పట్టే సమయం) గడిచేసరికి ఇంకా మిగిలిన ఎడం సుమారు 0.7 మిల్లీమీటర్లు, ఆరు గడిచేసరికి 0.25 మిల్లీమీటర్లు. పెన్సిల్ గీత మందంలో కలిసిపోతుంది. రెండు గీతలు ఒకటైనట్టు కనిపిస్తే కంగారు పడకండి, అవధికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఊగే వంపులు, ఏటవాలు గీతలు

సైన్ ఎక్స్ ఎంత దూరం పోయినా −1కీ 1కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. సగటు 0 కదా అని 0 రాయకూడదు. 0 చుట్టూ 0.1 పట్టీ గీస్తే వంపు ప్రతి అలలోనూ బయటికి వెళ్లిపోతుంది, అందుకే అవధి లేదు. ఊగడమే తప్పు అని కూడా అనుకోవద్దు. (సైన్ ఎక్స్)/ఎక్స్ కూడా ఊగుతుంది, కానీ దాని అలలు 1/ఎక్స్, −1/ఎక్స్ వంపుల మధ్య ఇరుక్కుని చిన్నవైపోతాయి, అవధి 0. ఎక్స్·సైన్ ఎక్స్‌లో అలలు పెద్దవవుతూ పోతాయి. అది ∞ అనడానికీ లేదు, ఎందుకంటే ప్రతి అలలో మళ్లీ సున్నాకు దిగి, ఇంకా కిందికీ పోతోంది.

ఎక్స్ + 1/ఎక్స్ లాంటి వాటిలో వంపు వై = ఎక్స్ అనే ఏటవాలు గీతకు దగ్గరవుతుంది. గీతకు దగ్గరవుతోంది కాబట్టి అవధి ఉందనుకోవద్దు. నీడను చూడండి, పైకి పోతూనే ఉంది. కుడివైపు ∞, ఎడమవైపు −∞.

జవాబు రాసేటప్పుడు

రెండు కొసలకూ రెండు వాక్యాలు విడివిడిగా రాయండి, విలువ ఒకటే అయినా సరే. మన ఎఫ్‌కు: ఎక్స్ → ∞ అయినప్పుడు ఎఫ్(ఎక్స్) అవధి 2, ఎక్స్ → −∞ అయినప్పుడు కూడా అవధి 2. అనంత స్పర్శరేఖ ఏమిటని అడిగితే ఉత్త 2 అని రాస్తే మార్కు పోతుంది. అది రేఖ కాబట్టి దాని సమీకరణం, వై = 2, రాయాలి. ∞ లేదా −∞ వస్తే అలాగే రాయండి, కానీ పరిమితమైన అవధి ఉందా అని విడిగా అడిగితే "లేదు" అనే చెప్పాలి. ఎప్‌సెట్ లాంటి పరీక్షల్లో ఆప్షన్లలో ∞, "అవధి లేదు" రెండూ ఉంటే, ఒకే దిశలో హద్దు లేకుండా పోయేదానికి మొదటిది, ఊగేదానికి రెండోది.

ఇక మీ వంతు. ఈ వర్ణన చదివి ముందు కాగితం మీద వంపు గీయండి. ఎక్స్ = 0 దగ్గర నిలువు అనంత స్పర్శరేఖ ఉంది. దానికి కుడిపక్క ముక్క పైనుంచి మొదలై (1, 3), (2, 1.67), (3, 1.29), (5, 1.06) బిందువుల గుండా దిగుతూ పోతోంది, చివర బాణం ఉంది. ఎడమపక్క ముక్క సున్నా పక్కన కిందినుంచి మొదలై (−1, −3), (−2, −1.67), (−5, −1.06) గుండా ఎడమకు పోతోంది, అక్కడా బాణం ఉంది. రెండు కొసల దగ్గరా అవధి ఎంత? 0.1 పట్టీలోకి కుడి కొస సుమారుగా ఎక్కడ వస్తుంది?

మధ్య భాగం కప్పేస్తే నిలువు గీత గొడవ పోతుంది. కుడివైపు నీడ 1కి దిగుతోంది. ఎడమకు నడిస్తే నీడ −3 నుంచి −1.67, −1.06 మీదుగా −1కి ఎక్కుతోంది. కాబట్టి అవధులు 1, −1; అడ్డం అనంత స్పర్శరేఖలు రెండు, వై = 1, వై = −1. ఈ వంపు సూత్రం (2^ఎక్స్ + 1)/(2^ఎక్స్ − 1). విలువ 1.1 కావాలంటే 2^ఎక్స్ = 21 కావాలి, అంటే ఎక్స్ సుమారు 4.39. వంపు దిగడమే తప్ప ఎక్కడం లేదు కాబట్టి అక్కడ పట్టీలోకి వచ్చాక మళ్లీ బయటికి పోదు.